పావురాల ముందు హారన్

సౌదీలోని ఖతీఫ్‌లో బైక్ మీద పార్సిళ్లు అందించే పనిలో చేరిన కొత్త. మసీదు పక్క రోడ్డు మీద పావురాలు గింజలు తింటుంటే, ఇంటి దగ్గరి అలవాటుకొద్దీ హారన్ కొట్టాను. గుంపంతా ఒక్కసారిగా లేచింది. ఒకటి హెల్మెట్‌కి తగిలి ఎగిరిపోయింది. నా బండి అదుపు తప్పి, ఎదురుగా వస్తున్న ట్రక్కుకు జానెడు దూరంలో ఆగింది.

"అమ్మో!" అన్నాను.

ట్రక్కు డ్రైవరు దిగాడు. తిడతాడనుకున్నాను.

"తెలుగోడివా? హారన్ కొడితే అన్నీ లేస్తాయి కదప్పా. నిదానంగా పో, అవే నడ్సుకుంటా పక్కకు పోతాయి" అన్నాడు. ట్రక్కులోంచి నల్లటేపు తెచ్చి, నా హారన్ బటన్ మీద అంటించి వెళ్లిపోయాడు.

ఆయన పేరు అడగనేలేదు. టేపు ఎప్పుడో ఊడిపోయింది. ఇప్పటికీ బొటనవేలు హారన్ దాకా వెళ్లి ఆగిపోతుంది. పావురాలు తాపీగా నడిచి నాకు దారిస్తాయి.