అక్క పేర్చిన గోడ

అక్కకు కళ్లు కనపడడం లేదని నాకు మొదట చెప్పింది ఒక బేల్దారి మేస్త్రి. కడపలో మా ఇంటి వాకిట్లో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పాడు.

"ఏమనుకోవద్దుమ్మా. మీ అక్క ఇచ్చిన ప్లాను పట్టుకొని పొద్దున పునాదికి ముగ్గు పోస్తి. ఆగ్నేయంలో రావాల్సిన వంటిల్లు నైరుతిలో పడింది. ఆ ఇంటి ముసలామె ఒకటే తిట్లు, కొంప ఆర్పేకి వచ్చినావా అని. మీ అక్క దగ్గరికి పోతే, యాడప్పా, సరిగ్గానే ఉండాదే అంటాది. కాగితం ముక్కుకు ఆనించుకొని సూస్తాంటే నాకు అర్థమయిపాయ."

అక్క ఒక ఇంజనీరు ఆఫీసులో కంప్యూటరు మీద ఇళ్ల ప్లాన్లు గీసేది. పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండేది. అద్దంలో చూసినట్టు బొమ్మను కుడి ఎడమలు మార్చే మీట ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుందట. అది పొరపాటున నొక్కింది. ఉత్తరం చూపించే బాణం గుర్తు ఆమె కంటికి ఆనలేదు. కర్నూలు డాక్టరు కంటి నరం ఎండిపోయిందన్నాడు, పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఆఫీసులో ఎవరూ కసరలేదు. ఇంటి దగ్గర ఉండమన్నారు, అంతే.

చిన్నప్పుడు నేను బడికి పోలేదు. అక్క బడి నుంచి వచ్చి, మా పుట్టింటి వసారాలో పరిచిన నల్లబండ మీద సుద్దముక్కతో రాసి దిద్దించేది. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. అందుకే ఆమె కోసం మంత్రాలయం స్వామికి మొక్కుకొని గురువారాలు ఒక్కపొద్దు ఉన్నాను. చూపు రాలేదు. స్వామి మీద నాకు కోపమూ రాలేదు.

ఒకరోజు మా పాప ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు కాలికి గుచ్చుకుంటే, ఏరి డబ్బాలో వేద్దామని అక్క నేల మీద కూర్చుంది. డబ్బాలో వేయలేదు. ఇటుక మీది బుడిపెలు వేలితో తడిమి, ఒకదాని మీద ఒకటి నొక్కుతూ కూర్చుంది. ఆమె ముఖం అంత నెమ్మదిగా ఉండడం చూసి చాలా రోజులయింది.

అప్పటికి మా తమ్ముడు కమలాపురంలో స్థలం కొన్నాడు. మా వైపు పెళ్లికాని అక్క చెల్లెలి అత్తగారింట్లో ఉంటే నలుగురూ తమ్ముణ్ని అంటారు. ఇల్లు కట్టగానే అక్కను తీసుకుపోతానని, ఒక గది ఇస్తానని వాడు మాటిచ్చాడు. ఆ కట్టబోయే ఇంటిని అక్క పాప ఇటుకలతో కట్టింది. అందులో ఒక గోడ మంచం దగ్గర మొదలై, మలుపు తిరిగి బాత్‌రూమ్‌కు, అక్కడి నుంచి దేవుడి గూటి దాకా ఎక్కడా తెగకుండా పోతుంది.

"ఇది చేతికి అందుతాంటే నేను ఎవర్నీ పిలిచే పనిల్యా" అంది. "ఇన్నేండ్లు గోడంటే నాకు రెండు గీతలే. ముట్టుకోనే ల్యా."

తమ్ముడు చూసి నవ్వాడు. "ఏమక్కా, ఈ బొమ్మరిల్లు నెత్తిన పెట్టుకొని పర్మిషన్‌కు పోవాల్నా?"

"నవ్వురా. గీయించు, చాలు."

వాడు గీయించి ఫోనులో తెచ్చాడు. రంగుల ఇల్లు, ముందర కారు, గిర్రున తిరుగుతోంది. లోపల ఏముందో నాకు అంతు చిక్కలేదు. అక్క చెయ్యి చాపి ఫోను మీద పెట్టింది. బొమ్మ ఎటో జారిపోయింది.

"నున్నగా ఉండాది. నా గోడ ఉండాదా?"

"అంతా నువ్వు చెప్పినట్లేలేక్కా."

ముగ్గు పోసే రోజు టెంకాయ కొట్టాక అక్క మోకాళ్ల మీద కూర్చుంది. సున్నపు గీత మీద చెయ్యి పెట్టి, పొడి చెదరకుండా అంచు తడుముతూ కదిలింది. ఎవరూ ఆపలేదు. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ తడిమింది.

"ఈడ మలగాల కదప్పా? నేరుగా పోతాండాదే."

మేస్త్రి తమ్ముడి వైపు చూశాడు.

"కారు నిలబడాల కదక్కా" అన్నాడు వాడు. "ఆ గది తీసి హాలు లోపలికి జరిపినాం. నీకు హాల్లోనే మంచం ఏస్తాం, టీవీ కాడ. గాలి శానా వస్తాది."

అక్క చేతి సున్నం కొంగుకు తుడుచుకుంది. "నీ ఇల్లు, నీ ఇష్టమప్పా" అంది.

ఇప్పుడు ఆ హాల్లోనే ఉంటోంది. మంచం నుంచి బాత్‌రూమ్‌కు పట్టుకోవడానికి గోడ లేదు. నడుమ కుర్చీలుంటాయి, రోజుకొక చోట. మరదలు మంచిది. పిలిస్తే చేతిలో పని వదిలి వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. కానీ అక్క పిలవదు. పిలవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించుకుంది. ఈ ఎండాకాలం నేను పోయేసరికి పెదవులు పగిలి ఉన్నాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు.

"దప్పిక కాదులేమ్మా నాకు" అంటుంది. ఇటుకల డబ్బా తీసుకుపోతే ముట్టుకోలేదు. "పాపకే ఇయ్యి."

రోజూ దీపం పెట్టి, ఆమె వేళ్లు ఇంకా బాగున్నందుకు స్వామికి దండం పెట్టడంతో మొదలుపెడతాను. ఆ తర్వాత ఏమి అడగాలో తోచదు. ఇది చదివినవాళ్లను మాత్రం ఒకటి అడుగుతున్నాను. దాహమై మీరు నీళ్లు తాగేటప్పుడు, మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.