నీలం ఎక్కువ, తెలుపు తక్కువ

మా మేనత్త పోయింది. ఆ ఉదయం బండి మీద బ్యాండేజీ గుడ్డ కట్టలు వేసుకుని సత్రపట్టి రోడ్డులో వస్తుంటే నాయన ఫోన్ చేశాడు. "అత్త పోయినాదిరా. నిద్రలోనే. కాఫీ ఇచ్చేదానికి పోయి లేపితే లేయలే. నువ్వు మెల్లంగా రా, ఏం?" బండిని నేరుగా ఇంటివైపు తిప్పాను. ఇల్లు చేరేసరికి హాలంతా చుట్టాలు. గోడవారగా ఉన్న ఉప్పునీటి గాజు తొట్టిలో అత్త పెంచిన పగడం ముడుచుకుపోయి ఉంది.

పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్రది అనుకోకండి. ఇది మెత్తటి పగడం. చూడ్డానికి పెద్ద పుట్టగొడుగు, గొడుగు మీద వందల చిన్న వేళ్ళు, ప్రాణమున్న జీవి. సముద్రం లేని మా ఊరు రాజపాళయంలో, అరచేతిలో పట్టే ముక్కను అన్నం పళ్ళెమంత చేసిందంటే అది అత్త మొండితనమే.

చిన్న వయసులోనే మామను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన మనిషి. వచ్చి మూల కూర్చోలేదు. మేం నేసే బ్యాండేజీ గుడ్డను తెల్లగా చేసే బ్లీచింగ్ షెడ్డును చేతిలోకి తీసుకుంది. తడి గుడ్డను ఎండకు ఎత్తిపట్టి, కళ్ళు చికిలించి, "ఇంకొంచం వెళుప్పు రావాల" అంటే ఆ కట్ట మళ్ళీ బ్లీచింగ్ తొట్టిలోకి పోవలసిందే. వెళుప్పు అంటే తెలుపు. మా ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు. మోకాళ్ళు మొరాయించి షెడ్డుకు పోలేని రోజు వచ్చాక, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని హాల్లో ఈ గాజు తొట్టి పెట్టించుకుని, నాలుగు చేపలు వదిలింది.

మొదటి పగడాన్ని మేమే చంపాం. మదురై అంగడి నుంచి తెచ్చి, పైన ఎల్‌ఈడీ దీపం బిగించి, ఉన్న వెలుతురంతా ఒక్కసారిగా పెట్టాం. కొద్దిరోజుల్లో గోధుమరంగు పగడం పాలిపోయి మీగడ రంగుకు వచ్చింది, ఆపైన సున్నం రంగుకు. బ్యాండేజీ గుడ్డ నేసే ఇంట్లో దాన్ని చూసి ఏమంటారు? "అప్పా, ఏం వెళుప్పు!" అని పొంగిపోయాం. అత్త వీధిలో వాళ్ళను పిలిచి మరీ చూపించింది. అది కుళ్ళి వాసన కొట్టినప్పుడు గాని, చస్తున్నదాన్ని మెచ్చుకుంటూ కూర్చున్నామని తెలియలేదు.

ఇంకొకరైతే తొట్టిని అమ్మేసేవాళ్ళు. అత్త మదురై అంగడివాడికి ఫోన్ చేసి గంటసేపు తమిళంలో వాయించి, విషయమంతా రాబట్టింది. పగడం ఒంట్లో కంటికి కనపడని పాచి ఉంటుంది, వెలుతురు తిని దానికి అన్నం పెట్టేది ఆ పాచే. వెలుతురు మితిమీరితే పగడం ఆ పాచిని బయటికి తోసేస్తుంది. తెల్లబడడమంటే పస్తు పడడమన్నమాట. ఫోన్ పెట్టేసి నాతో అంది, "షెడ్డులో పనికొచ్చిన కండ్లు ఇక్కడ పనికిరావురా. మళ్ళా నేర్చుకోవాల."

నేర్చుకుంది. రెండో పగడానికి దీపాన్ని జానెడు పైకి ఎత్తి కట్టించింది. నీలం ఎక్కువ, తెలుపు తక్కువ. మొత్తం వెలుతురులో మూడో వంతుకు మించకుండా మొదలుపెట్టి, వారానికి ఒక పిసరు పెంచేది. కాండం సాగి మెడ చాచినట్టుంటే వెలుతురు చాలడం లేదని, కుంచించుకుని రంగు పాలిపోతుంటే ఎక్కువైందని ఆమె లెక్క. పొద్దున కాఫీ గ్లాసుతో తొట్టి ముందు కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా దాన్నే చూసేది. ఒకసారి చెన్నై నుంచి వచ్చిన చుట్టం ఫొటో కోసం దీపం పూర్తిగా పెంచబోతే, "వెలుతురు కావాలంటే స్టూడియోకు పోప్పా, ఇది దాని ఇల్లు" అని ఫోన్ లాక్కుంది.

నాతో షెడ్డు విషయంలో గొడవపడిన రోజు మాత్రం ఆ దీపాన్ని ముట్టేది కాదు. ఎందుకత్తా అంటే, "కోపంలో చేయి పెడితే ఎక్కువే పెడతాంరా" అంది. నాలాంటి నోటిదురుసు మనిషికి ఈ మాట ఎంత పనికొచ్చిందో చెప్పలేను. మిషన్ దగ్గర పనివాళ్ళ మీద అరవబోయి ఎన్నిసార్లు ఆగానో.

అలాంటి పగడం ఆమె పోయిన రోజు నుంచి విచ్చుకోలేదు. వేళ్ళన్నీ లోపలికి పోయి, పైన మైనం పూసినట్టు నిగనిగలాడే పొర. ఓదార్పుకు వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని చూసి, "పెంచినామె పోయినాది, అదీ పోతాది" అని ముక్కు చీదారు. ఒకరు దీపం పెంచమన్నారు. నాయనకు భయం పట్టుకుంది. "చచ్చింటే తొట్టి నీళ్ళంతా విషమైపోతాదిరా, మీనులు గూడా మిగలవు. తీసేయి" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు. అత్త చేతి పని అంతా ఆ తొట్టిలోనే ఉంది, ఇప్పుడు అది నా చేతిలో ఉంది.

తొట్టి నీళ్ళు దోసిట్లోకి తీసి వాసన చూశాను. కుళ్ళు లేదు. అంచుల దగ్గర రంగు గోధుమగానే ఉంది. పాము కుబుసం విడిచినట్టు ఈ పగడం కూడా అప్పుడప్పుడు పైపొర విడుస్తుంది. ఆ పొర పోవడానికి కావలసింది వెలుతురు కాదు, నీటి తోపుడు. తొట్టిలో నీళ్ళు తిప్పే పంపు మూతిని దానివైపు కొంచెం తిప్పాను. దీపాన్ని ముట్టుకోలేదు.

"ఏమిరా, ఏం చేయకుండా సుమ్మా చూస్తా ఉండావు?" నాయన గదమాయించాడు.

"ఆమా నాయనా. సుమ్మానే ఉండాల."

అంత ధైర్యంగా అన్నానే గాని, భయపడకపోలేదు. అత్తను అడగాలని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ ఏడుపొచ్చింది. అయినా నాకు తెలుసు. ఆమె నేర్పింది నాకు తెలుసు.

కర్మాంతరం అయి చుట్టాలు వెళ్ళిపోయిన సాయంత్రం ఆ పొర ఒక పక్క లేచింది. కాసేపు నీళ్ళలో రెపరెపలాడి, మొత్తంగా ఊడి కొట్టుకుపోయింది. కింద నుంచి ఒక వేలు, పక్కన ఇంకొకటి. నాయన చూస్తూనే లేచి, హాల్లో ట్యూబులైటు ఆయనే ఆర్పేసి, కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాడు. ఇంట్లో ఇంతవరకు ఎవరినీ సలహా అడిగి ఎరగని మనిషి.

"రేపు ఎంత పెట్టాలరా వెలుతురు?"

"రేపు చూసి చెప్తాను నాయనా."

ఆయన తల ఊపాడు. చీకటి హాల్లో ఆ నీలి వెలుతురు పడి ఆయన తెల్ల పంచె వెలిగిపోతోంది. ఆయన మాత్రం ముందుకు వంగి, గోధుమరంగు వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకోవడం చూస్తున్నాడు.