సగం అద్దంలో నిలువెత్తు మనిషి

రేపు కొత్తపేటలో మా ఆవిడ టైలరింగ్ షాపు ఓపెనింగ్. నలభై ఏడేళ్లొచ్చినా నా చేయి ఊరుకోదు కదా, ఈ రోజు షాపు నిలువుటద్దంతో ఎదురు మేడ మీది లెక్కల మాస్టారి కళ్లలోకి ఎండ కొట్టాను. ఆయన లేచేసరికి కంగారులో అద్దం జారి, కింది సగం పగిలింది. తెలంగాణ బంద్, కొత్తది కొనడానికి దుకాణాలు తెరిచి లేవు.

"గీ సగం ముక్కల, పాదాల దాంక లంగా ఎట్ల చూసుకుంటరయ్యా?" అని ఆవిడ నా మీద పడింది.

చప్పుడు విని మాస్టారు వచ్చారు. "మనిషి ఎత్తులో సగం అద్దం చాలమ్మా. కింది అంచు నీ కంటి ఎత్తులో సగానికి వచ్చేలా తగిలించు."

తగిలించాం. ఆవిడకు కొప్పు నుంచి మెట్టెల దాకా కనిపించింది. బతికిపోయాను!

వెళ్తూ మాస్టారన్నారు: "ఇందాక ఎవడో కుర్రకుంక నా కళ్లలో ఎండ కొట్టాడండీ, కనిపిస్తే చెప్పండి."

చెప్పమంటారా?