ఇద్దరికీ ఒకటే మెసేజ్

తెలంగాణ కొట్లాట నడుస్తున్న దినాలు. బంద్‌తోని బస్సుల్లేవు, ఎన్నిసార్లు కొట్టినా ఫోన్ కలుస్తలేదు. సిరిసిల్లల బాపు పక్కన కూసొని, ఆయనకు సీరియస్‌గున్నదని కోరుట్ల అక్కకు, జగిత్యాల తమ్మునికి ఒక్కసారే మెసేజ్ పెట్టిన. ఇద్దరికీ అందింది. అక్క పాలబండెక్కి జగిత్యాలకు బయలెల్లింది. అక్కడికెల్లి తమ్ముని మోటర్‌సైకిల్ మీద రావాలె.

గంతల్నే బాపు పోయిండు. గదీ ఇద్దరికీ ఒక్కసారే పంపిన. గా టవరోని నోట్ల మన్ను బడ! అక్కకు పాలబండిల్నే అందింది, తమ్మునికి అందలే.

చెప్తే వాడు బండి నడుపలేడని, అక్క కండ్లు తుడుసుకొని వెనుక కూసున్నది. కొండగట్టు కాడ తమ్ముడు బండాపి గుట్టదిక్కు దండం పెట్టిండట.

"బాపుకు బాగైతే నడిసొచ్చి ఎంటికలిస్త, అంజన్నా! నువ్వు గూడ మొక్కక్కా."

అక్క మొక్కింది.

సిరిసిల్లకు రాంగనే ఇంటి వాకిట్ల జనాన్ని జూసి, బాపును పలకరియ్య వచ్చిన్రనుకున్నడు తమ్ముడు. కొబ్బరిబోండాల సంచి పట్టుకొని లోపలికచ్చిండు. బంద్‌కు వాడకట్టుల మరమగ్గాలన్నీ ఆగినయి. గా సప్పుడులేని ఇంట్ల వాని జేబుల ఫోన్ టింగుమన్నది.

బాపు దిక్కు సూడకముందే తీసి సదివిండు.