కామ్‌రేజ్ కంచెకు రంగు వేసిన ఎండాకాలం

మొన్న మా పక్క వీధిలో ఎవరో ఇంటి ముందు అచ్చం చెక్కలాగే కనబడే ప్లాస్టిక్ కంచె పెట్టిస్తుంటే, నడకకు బయలుదేరినవాణ్ని కాసేపు నిలబడి చూశాను. దీనికి ఇక రంగు వేసే పనే ఉండదని బిగిస్తున్న మనిషి గొప్పగా చెప్పాడు. మంచిదే నాయనా అనుకున్నాను గానీ, ఆ మాట వినగానే నా కుడి భుజం సలపడం మొదలుపెట్టింది. నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, కొన్ని సంగతులు మనసు మరిచినా ఒళ్లు మరవదు.

సూరత్‌లో ఖటోదరా మరమగ్గాల చప్పుడు మధ్యనే నా సగం జీవితం గడిచింది. కరోనా వచ్చిన మొదటి ఏడు ఆ మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, ఆ నిశ్శబ్దానికి మాకు నిద్ర పట్టేది కాదు. మనవాళ్లు చాలామంది దొరికిన బండి పట్టుకుని కరీంనగర్ దారి పట్టారు. మేము వెళ్లలేకపోయాం. మా అన్న కూతురికి నెలలు నిండుతున్నాయి, అల్లుడేమో బంద్ పెట్టేనాటికి కరీంనగర్ వెళ్లి ఉండి అక్కడే చిక్కుకుపోయాడు. నిండు చూలాలిని అంత దూరం తీసుకుపోయే ధైర్యం ఎవరికుంటుంది? పోనీ గల్లీలోనే ఉంచుదామా అంటే, గాలి చొరని గది, వాడంతటికీ ఒకటే నల్లా, ఎదురింట్లో అప్పటికే జబ్బు. పిల్లకు ఇంత గాలి ఆడే చోటు దొరికితే చాలునని అన్న కనబడినవాళ్లనల్లా అడిగాడు.

అడగ్గా అడగ్గా సూరత్ పొలిమేర దాటాక కామ్‌రేజ్ దగ్గర ఒక తోట ఇల్లు దొరికింది. అందులో ఒక గుజరాతీ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. అక్కడ తల్లిని బా అంటారు కనుక మేమూ ఆమెను అలాగే పిలిచాం. వెనక రెండు గదులు ఖాళీ. తోట చుట్టూ ఉన్న చెక్క కంచె ఎండకు నెర్రెలిచ్చి బూడిద రంగుకు తిరిగింది, వానలు పడేలోగా దానికి నూనె రంగు పట్టించాలి, పని బాగుంటే ఎన్నాళ్లయినా ఉండండి, లేకపోతే గదులు మరొకరికి ఇచ్చుకుంటాను అంది. కంచెకు రంగు నిలిస్తేనే పిల్ల పురుడు అక్కడ, లేదంటే మళ్లీ ఆ గల్లీలో.

మా ఇళ్లల్లో పడుగు దారానికి గంజి పట్టించి ఎండలో ఆరబెట్టేవారు, మబ్బు పట్టిందంటే ఆ రోజుకి పని ఆపేవారు. అందులో పుట్టి పెరిగిన అన్నకు ఎండ కంటే నమ్మకమైన పనివాడు లేడు. లోకమంతా నీడ వెతుక్కునే మిట్టమధ్యాహ్నం పూట ఏరికోరి రంగు డబ్బా మూత తీసేవాడు. నేనూ సరేనన్నాను, ఆయన మాట మాకు వేదవాక్కు. కాలిపోతున్న పలక మీద కుంచె ఇలా పెడితే రంగు అలా ఆరిపోయేది. ఎంత చప్పున పట్టిందోనని ఇద్దరం మురిసిపోయాం.

వారం తిరగకుండానే పలకలు మచ్చలు మచ్చలుగా తేలాయి. బా వచ్చి గోటితో గీరితే రంగు అప్పడం పెచ్చులా ఊడి వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. వేడెక్కిన చెక్క మీద వేస్తే పైపైనే ఆరిపోతుంది, లోపలికి ఇంకదని చెప్పి, మబ్బుల వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

అన్న చాలాసేపు పలకను తడుముతూ కూర్చున్నాడు. "దారానికి ఎండ, కట్టెకు నీడ. గింత తెలవకపాయె మనకు" అన్నాడు. గుమ్మంలో నిలబడిన కూతురి మొహం చూసి, "ఏం గాదు బిడ్డా, జర ఓపిక వట్టు, నిన్ను గా గల్లీకి తోల్కపోను" అన్నాడు.

ఆ తరువాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. వేసిన రంగంతా ఉప్పు కాగితంతో గీకి తీయాలి. మూతికి గుడ్డ, కళ్లల్లో పొట్టు, మెడ మీద చెమట, సాయంత్రానికి అన్నం ముద్ద ఎత్తడానికి చేయి లేచేది కాదు. వదిన కలిపి పెడితే చిన్నపిల్లల్లా తినేవాళ్లం. ఇక రంగు మాత్రం నీడ చూసుకుని వేశాం. పొద్దున పడమటి వైపు, ఎండ వాలాక తూర్పు వైపు, వేసినదాన్ని గుడ్డతో రుద్ది ఇంకిస్తూ కంచె చుట్టూ తిరిగాం. చివరి పలకలు అయ్యేసరికి ఉరుములు మొదలయ్యాయి. మొదటి వానకు నీళ్లు కంచె మీద నిలవకుండా జారిపోతుంటే బా చేత్తో తడిమి చూసి, లోపలి నుంచి పాత మెత్తని చీరలు తెచ్చి వదిన చేతిలో పెట్టింది. ఉయ్యాలకని మాకు అర్థమైంది. ఆ వానల్లోనే, కిటికీలు తెరిచిన గదిలో మనవరాలు పుట్టింది.

మగ్గాలు తెరిచాక అందరం ఖటోదరాకు తిరిగి వచ్చాం. మరుసటి ఎండాకాలం జబ్బు మళ్లీ విరుచుకుపడి అన్నను పట్టుకుంది. కంచెకు ఏటేటా రంగు వేయాలి కదా, ఆ ఏడు మొదలుకొని నేనొక్కణ్నే వెళ్లి వేశాను. తరువాత బా కాలం చేసింది, కొడుకులు కంచె తీయించి గోడ కట్టించారు. గోడ మంచిదే, మళ్లీ తిరిగి చూడనక్కరలేదు. మనుషులం కూడా ఇప్పుడు అలాగే బతకడం నేర్చుకున్నాం, ఏటా వెళ్లి చూసుకోవలసినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మనవరాలు బడికి వెళుతోంది, తాతకు ఏమైందని గుజరాతీలో అడుగుతుంది. జబ్బు చేసిందని మాత్రం చెబుతాను. పుట్టబోయే దాని కోసం గడప గడపా తిరిగి ఇంత గాలి సంపాదించినవాడికి, ఊపిరి ఆడక కొట్టుకుంటున్న ఆ రాత్రి ఊరంతా తిరిగినా మేము ఒక్క ఆక్సిజన్ సిలిండర్ తేలేకపోయామని ఆ పసిదానికి ఎలా చెప్పను?