రెండుసార్లు గ్రాండ్

పడవలోకి నీళ్ళు రాకుండా చూసుకోడానికి లోకంలో రెండు పద్ధతులున్నాయి. మా తాళ్ళరేవు వైపు పలక పక్కన పలక నిలబెట్టి, మధ్య సందులో నూనే గుగ్గిలమూ పట్టించిన దూది కూరతారు. ఉత్తరపు దేశాల్లో పలక మీదికి పలక ఎక్కించి, ఇంటికప్పు పెంకుల్లాగా, రాగి మేకులతో బిగిస్తారు. దూది ఊసే ఉండదు. ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బి, దాని మానాన అది బిగుసుకుంటుంది. ఈ తేడా నేను చాలా రేవుల్లో చూశాను గానీ, దానివల్ల ఒక మనిషి బతుకు అటో ఇటో కాబోవడం మాత్రం ఐర్లండులోనే చూశాను.

ఆ మనిషి ఆమోసు. వాళ్ళ నాన్న తాళ్ళరేవులో పడవలు కట్టేవాడు, నాకు బాగా తెలిసినవాడు. ఆమోసు మాత్రం ఐటీఐ చదివి ఫిట్టరయ్యాడు. భార్య పుష్పవతికి ఐర్లండు ఉత్తరాన డొనెగల్ జిల్లాలో లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనకాల వెళ్ళి, ఆపరేషన్లలో వేసే లోహపు తుంటికీళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. మాంద్యం వచ్చిన రెండో ఏడు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాతి ఏడు, వారం రోజులుందామని వాళ్ళింటికి వెళ్ళిన నేను చలికాలం దాటి మే దాకా ఉండిపోయాను. ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం నాకున్న జబ్బు, కానీ ఆ ఇంట్లో ఆమోసు నాకంటే ఎక్కువ అల్లాడిపోతున్నాడు. పుష్పవతి జీతంతో ఇల్లు బాగానే నడిచేది. బాధల్లా ఆయన చేతులకి పని లేకపోవడమే. కిచెన్‌లో ప్రెస్సు, అంటే అలమర, తలుపులన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు, రెండుసార్లు. మూడోసారి మొదలుపెడుతుంటే పుష్పవతి స్క్రూడ్రైవరు దాచేసింది.

అప్పుడు దొరికాడు మానస్ మగిన్లీ. స్విల్లీ అనే సముద్రపు పాయ ఒడ్డున ఆయనకి పడవలు బాగుచేసే షెడ్డుంది. ఆయన దగ్గరున్న ఇద్దరు వడ్రంగులూ పనుల్లేక ఆస్ట్రేలియా దారి పట్టారు. వాళ్ళు వెళ్ళాక చిత్రంగా పనులొచ్చాయి. కొత్త పడవలు కొనేవాళ్ళు లేరు కదా, పాతవే బాగుచేయించుకుంటున్నారు. మానస్ అనే పేరు ఆమోసు నోట్లో మనసుగారు అయింది, ఆమోసు ఆయన నోట్లో ఏమస్ అయ్యాడు. ఆ మనసుగారు ఒక మాటన్నాడు: ఇదిగో ఈ చిన్న తెరచాప పడవ, చలికాలంలో దీన్ని సిద్ధం చెయ్యి, మే నెలలో నీళ్ళలో నిలిస్తే షెడ్డులో నీకు శాశ్వతంగా చోటుంటుంది.

ఇనుప పని ముందు పట్టుకున్నాడు ఆమోసు. తుప్పుపట్టిన కొక్కేలు తీసి కంచువి వేశాడు. అరిగిన కప్పీలు మార్చాడు. తెరచాప కొయ్యని నిలబెట్టే తీగలకి కింద పట్టుండే స్టీలు పలకలు సొంతంగా కోసి, తుంటికీలుకి పెట్టినంత మెరుగు పెట్టాడు. మానస్ అవి చూసి ఏమీ అనకుండా బయటికి పోయి, దారిన పోతున్న ఎవరినో లాక్కొచ్చి చూపించాడు. తర్వాత టీ పెట్టాడు. పని నచ్చిందని ఆయన చెప్పే పద్ధతి అదేనని మాకు అర్థమైంది.

ఇక చెక్క పని. పలక మీద పలక ఎక్కించి కట్టిన ఆ పడవ పొట్టలో దీపం పెట్టి చూస్తే పలకల అతుకుల్లోంచి సన్నగా వెలుతురు కనపడింది. తాళ్ళరేవులో పుట్టినవాడికి సందులోంచి వెలుతురు కనపడితే ఊరుకోవడం చాతకాదు. ఫిబ్రవరంతా వంగి కూర్చుని, కొయ్యసుత్తితో, వాళ్ళ నాన్న కొట్టినట్టే చిన్నచిన్న దెబ్బలతో దూది కూరాడు. నాకు అనుమానం రాకపోలేదు. కానీ ఫ్యాక్టరీ పోయిన ఏడాదిన్నరకి ఆయన కూనిరాగం తీస్తుంటే వింటున్నాను, చెప్పడానికి నోరు రాలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆ నెలంతా బయటి పనుల మీద తిరిగిన మానస్ ఒకరోజు మధ్యాహ్నం వచ్చాడు. అతుకు మీద బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు. "ఇట్స్ గ్రాండ్," అన్నాడు. తలుపు దాకా వెళ్ళి, "యూఆర్ గ్రాండ్, ఏమస్," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమోసు ఇంటికొచ్చి, కోడికూరకి మసాలా తనే నూరాడు. డ్యూటీ దిగి వచ్చిన పుష్పవతి కోటన్నా విప్పకముందే చెప్పాడు.

"గ్రాండ్ అన్నాడే. ఒకసారి కాదు, రెండుసార్లు."

"రెండుసార్లా?" ఆమె కోటు గుండీ మీద చెయ్యి ఆగిపోయింది. "టీ తాగాడా?"

"పనుందని వెళ్ళిపోయాడు."

"అయితే ఆ పడవకి ఒంట్లో బాలేదండి."

ఆమోసు మొహం ముడుచుకుంది. ఆవిడ నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పుకుంటూ చెప్పింది.

"మా వార్డులో చెమటలు కారిపోతున్న ముసలాయన కూడా గ్రాండనే అంటాడు. ఒకసారంటే నమ్ముతాను. రెండోసారన్నాడంటే బీపీ చూస్తాను. మన 'పర్లేదు' లేదూ, అదే ఇది. మా పిన్ని ఒండిన పులుసు తిని మీరేమన్నారు?"

"పర్లేదన్నాను."

"మళ్ళీ వడ్డించబోతే?"

"పర్లేదు, పర్లేదన్నాను."

"మరింకేం."

ఒక్క మాటతో పొగడ్తా, వద్దనడమూ, ఎదటివాడి మనసు నొప్పించకుండా తప్పుకోవడమూ చేసే జాతులు ప్రపంచంలో చాలానే ఉంటాయి. కానీ డొనెగల్ వాళ్ళకీ గోదావరి వాళ్ళకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఏ భాషాశాస్త్రమూ నాకు చెప్పలేదు. నేను నవ్వాను. ఆమోసు నవ్వలేదు. నూరిన మసాలా కూర తినకుండానే పడుకున్నాడు.

పొద్దున్నే వెళ్ళి మానస్‌ని సూటిగా అడిగాడు. ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. అంత కష్టపడినవాడితో ఎలా చెప్పాలో తెలియక రాత్రంతా మథనపడ్డాడట. చెక్క ఉబ్బేటప్పుడు లోపల దూది కూడా ఉబ్బి పలకల్ని విడదీస్తుందనీ, రాగి మేకులు ఊడి వస్తాయనీ చెప్పాడు. వేరే మనిషిని చూసుకుంటారా అని ఆమోసు అడిగితే, మే నెల ఇంకా రాలేదుగా అన్నాడు.

కూరడానికి నెల పట్టింది. తియ్యడానికి ఆరు వారాలు. ఆమోసు స్టీలు తీగతో సన్నటి కొక్కెం చేసుకుని, పోగు పోగుగా, చెక్కమీద గీత పడకుండా లాగాడు. నేను పక్కన కూర్చుని దూది సంచిలో వేస్తూ ఏవేవో కబుర్లు చెప్పేవాణ్ణి. ఒకసారి మాత్రం, తల ఎత్తకుండా, "మా నాన్న చూస్తే ఏమనేవాడు మాస్టారూ," అన్నాడు. పని నీట్‌గా ఉందనేవాడని చెప్పాను. అది నిజమే.

మే మొదటి వారంలో పడవని లోతు తక్కువచోట దింపి కట్టారు. అతుకులన్నిటిలోంచీ నీళ్ళొచ్చాయి. కూర్చునే పలకల దాకా మునిగింది. రావాలనీ, వస్తుందనీ తెలిసి కూడా ఆమోసు చేతులు నిలవలేదు, రెండుసార్లు బకెట్టు అందుకున్నాడు. మానస్ రెండుసార్లూ లాక్కున్నాడు. రెండు రోజులు అలాగే వదిలేశారు. మూడోనాటి పొద్దున ఇద్దరూ కలిసి నీళ్ళు తోడేసి, లోపల కూర్చున్నారు. గంట గడిచింది. ఆమోసు అడుగుపలకల మీద అరచెయ్యి పెట్టి చూశాడు, తర్వాత చెంప ఆన్చి చూశాడు. పొడి.

మానస్ అతుకు మీద బొటనవేలు నడిపించాడు. ఏమీ అనలేదు. ఒడ్డుకొచ్చి జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి ఆమోసు చేతిలో పెట్టి, సోమవారం ఇంకో పడవ వస్తోందని చెప్పి, కెటిల్ పెట్టడానికి వెళ్ళాడు.

కాసేపటికి పుష్పవతి వార్డు నుంచి ఫోను చేసింది. ఏమన్నాడండీ అని అడిగినట్టుంది.

"ఏమీ అన్లేదే," అన్నాడు ఆమోసు. "టీ తాగుతున్నాడు. ఇది రెండో కప్పు."