రెండో కంచం

చిత్తూరు బస్టాండులో దొరస్వామి పుస్తకాలమ్మడం ఒక తమాషా. "పుస్తకాలు, పుస్తకాలు" అని అరవడం అతనికి నామోషీ. కదలబోయే బస్సెక్కి, డ్రైవరు వెనక నిలబడి, ఒక పాకెట్ నవల తెరిచి మొదటి పేరా గట్టిగా చదివేవాడు. కథలో మనిషి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసేదాకా చదివి, టప్పున పుస్తకం మూసేసేవాడు.

"తర్వాతిది లోపల ఉండాది. రెండు రూపాయలు."

అంతసేపూ వేరుశనక్కాయలు వలుచుకుంటున్నవాడి చెయ్యి ఆగిపోయేది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! అట్ల నిలిపేస్తే ఎట్లప్పా?" అని తిట్టుకుంటూనే జేబు తడుముకునేవాడు. బస్సు కదిలేలోపు నాలుగు పుస్తకాలు అమ్మి దిగిపోయేవాడు దొరస్వామి. పన్నెండేళ్ళుగా అదే బతుకు.

ఇప్పుడు చెప్పేది విని నవ్వకండి. దొరస్వామికి చదువు రాదు. సంతకం కూడా రాదు, వేలిముద్రే.

చదువు అతని భార్య పంకజాక్షిది. ఐదో తరగతి దాకా చదివింది. కొత్త పుస్తకం రాగానే పొద్దున పొయ్యి ముందు కూర్చుని మొదటి పేరా చదివి వినిపించేది. మూడుసార్లు వింటే చాలు, దొరస్వామికి పొల్లుపోకుండా వచ్చేసేది. ఏ పేరా ఏ పుస్తకంలోదో అట్ట మీది బొమ్మను బట్టి గుర్తు పెట్టుకునేవాడు. ఎక్కడ ఆపాలో చెప్పేదీ ఆమే.

"ఈయన వానతో మొదులుపెట్టినాడు. వాన అందరిండ్ల ముందరా కురస్తాది, దానికి దుడ్లెవురిస్తారు? ఇదో, ఇది బాగుండాది సూడు. ఎవురో ఏమో తెలీకముందే, అయ్యో ఈ మనిషికి ఏమైతాదో అని మనకు దిగులు పట్టల్ల. ఆడ ఆపెయ్. ఇంకొక్క మాట సదివినా చెడిపోతాది" అనేది.

జనానికి కథ గురించి దిగులు. దొరస్వామికి తెల్లారి లేస్తే తన గురించే దిగులు. చేతినిండా పుస్తకాలున్న మనిషికి చదువు రాదని ఎవరనుకుంటారు? పల్లెల నుంచి వచ్చినవాళ్ళు నేరుగా అతని దగ్గరికే వచ్చి, "అప్పా, ఆ బోర్డు మీద ఏ ఊరని ఉండాది?" అని అడిగేవాళ్ళు. "కండ్లద్దాలు ఇంట్లో మర్సినా" అని తప్పించుకునేవాడు. ఒకసారి అదే మాట మళ్ళీ చెప్పడానికి సిగ్గేసి, ఏదో ఒక బస్సు చూపించాడు. పుత్తూరు పోవలసిన ముసలమ్మ నాయుడుపేటలో తేలింది. మరునాడు ఆమె వచ్చి దుమ్మెత్తి పోస్తుంటే, ఎక్కడ కనిపెట్టేస్తుందోనని దొరస్వామికి ముచ్చెమటలు పోశాయి. గుట్టు బయటపడితే ఇంకేముంది! ఇన్నాళ్ళూ చదివిందంతా దొంగ చదువని తెలిస్తే, ఆ బస్టాండులో తలెత్తుకుని తిరగగలడా? ఒక్క పుస్తకమైనా అమ్ముకోగలడా?

పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది వేసవి మొదట్లో పంకజాక్షి బావి దగ్గర కాలు జారి పడింది. చెయ్యి విరిగింది. పుత్తూరులో ఉండే ఆమె తమ్ముడు ఎల్లప్ప వచ్చి, అక్కడి నాటువైద్యుల దగ్గర కట్టు కట్టించడానికి తీసుకుపోయాడు. మూడు కట్లు పడాలి, అంతవరకూ తమ్ముడింట్లోనే ఉండాలన్నారు. "ఎముక అతక్కపోతే సెయ్యే తీసేస్తారంట" అని టీ అంగట్లో ఎవడో నోరు పారేసుకున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి దొరస్వామికి పుత్తూరు పేరు చెబితేనే భయం. ఇవాళ రేపు అంటూ పదిరోజులు గడిపేశాడు. వెళ్ళనంతకాలం ఆమెకేమీ కాలేదనే అనుకోవచ్చు కదా!

ఇంతలో విజయవాడ నుంచి కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. అట్ట మీద ఒక ఆడమనిషి, ఆమె వెనక మూసిన తలుపు. లోపల ఏముందో చదివి చెప్పే దిక్కు లేదు. ఇంకొకరిని అడిగితే గుట్టు రట్టవుతుంది. చూస్తే పాత పేరాలు విని విని జనం ముఖం తిప్పుకుంటున్నారు. సోమవారం పొద్దున పుత్తూరు బస్సెక్కి, పుస్తకం తెరిచి, ఏం చెప్పాలో తోచక అట్ట మీది మూసిన తలుపు వైపు చూశాడు. తర్వాత నోరు దానంతటదే కదిలింది.

"తలుపు గడియ లోపలి నుంచే వేసి ఉంది. ఇంట్లో ఆమె ఒక్కతే. అయినా వంటింట్లో, ఆమె కంచానికి ఎదురుగా, రెండో కంచం పెట్టి ఉంది."

పుస్తకం మూసేశాడు. ఆ తర్వాత చేతులే చేతులు! ఒక్క బస్సులోనే పదిహేను పుస్తకాలు పోయాయి. ఏనాడూ అతని దగ్గర పుస్తకం కొనని నాగరత్నమ్మ టీచరు కూడా ఒకటి తీసుకుంది. దారిలో ఒక పల్లె బడిలో ఆమెకు ఉద్యోగం, రోజూ ఆ బస్సులోనే వెళ్తుంది.

బస్సు వెళ్ళిపోయాక గానీ దొరస్వామికి తాను చేసిన పని తట్టలేదు. ఆ మాటలు పుస్తకంలో లేవు! పదిహేనుమంది ఇప్పుడు మొదటి పేజీ తెరిచి చూస్తుంటారు.

మరునాడు ఆ బస్సు దరిదాపులకు పోలేదు. గోడ చాటున నిలబడి, అది గేటు దాటేదాకా ఇవతలికి రాలేదు. బుధవారమూ అంతే. ఎవరైనా "ఏమబ్బా" అంటే చాలు, ఉలిక్కిపడేవాడు. అన్నం సయించలేదు. గురువారం ఆ బస్సు కండక్టరు మునిరామయ్యే వెతుక్కుంటూ వచ్చి భుజం పట్టుకున్నాడు.

"యాడ దాక్కోనుండావబ్బా? టీచరమ్మ రెండు దినాలుగా నీకోసం అడగతా ఉండాది. రా, రా!"

కాదంటే అనుమానం. దొరస్వామి బస్సెక్కాడు. నాగరత్నమ్మ టీచరు ముందు సీట్లో కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ పుస్తకం.

"మొదటి నుంచి కడదాకా రెండుసార్లు చదివినాను. నువ్వు చదివిన ముక్క దీంట్లో యాడా లేదు" అంది. పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. "ఇదో మొదటి పేజీ. చదువు."

బస్సంతా ఇటే చూస్తోంది. "కండ్లద్దాలు..." అన్నాడు దొరస్వామి.

"సోమవారం ఉన్నాయా కండ్లద్దాలు?" అంది టీచరు. మళ్ళీ తనే గొంతు తగ్గించింది. "సరే, చదవబాకులే. ఇది మాత్రం చెప్పు. ఆ రెండో కంచం ఎవరు పెట్టినారు? మూడు దినాలుగా నాకు నిద్ర లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. వంటింట్లోకి పోవాలంటేనే భయమవుతాండాది."

ఆమె గొంతులో కోపం లేదు. పాపం, నిజంగానే భయపడింది. అది చూశాక ఇంకో అబద్ధం దొరస్వామి నోటికి రాలేదు.

"నేనే పెట్టినానమ్మా" అన్నాడు. "మా ఇంటామె సెయ్యిరిగి పుత్తూరులో ఉండాది. ఆ సోమారం పొద్దున గడియేసుకోని సంగటి తిందామని కూసుంటే, ఎదురుగా ఇంకో కంచం ఉండాది. ఎప్పుడు పెట్టినానో నాకే తెలీదు. గుండె ఝల్లుమన్నాది. ఇంక ఆమె రాదేమో అనిపించినాది. బస్సెక్కితే అదే నోట్లోంచి వచ్చేసినాది. పుస్తకంలో ఏముండాదో నాకు తెల్దు తల్లీ. నాకు సదువు రాదు. అన్నీ ఆమే సదివి చెప్తాది."

ఎవరూ నవ్వలేదు. మునిరామయ్య విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

"పొయ్యి చూసొచ్చినావా ఆమెను?" అని అడిగింది టీచరు.

"లేదమ్మా. భయం. ఏం వినాల్సొస్తాదో అని."

ఇక అక్కడ నిలబడలేక, దొరస్వామి పుస్తకాల కట్ట చంకన పెట్టుకుని, రోజూ దిగినట్టే మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఇది పుత్తూరు బస్సే గదప్పా" అంది టీచరు. "ఎందుకు దిగతాండావు?"

మునిరామయ్య పక్కకు జరిగి, డ్రైవరు వెనక సీటు చూపించాడు. దొరస్వామి మెట్టు మీది కాలు వెనక్కి తీశాడు. కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు కదిలింది.